కొండమీది వాన – క్రింది గ్రామము

(శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



మన కొండసీమ శీతోష్ణస్థితిని గూర్చి, ఋతువుల నడకను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరినారు. వానను గూర్చి రైతులకు చెప్పబూనుట చేపపిల్లకు ఈత నేర్పుట వంటిది. ఏ గాలి వానను తెచ్చునో, ఏ మబ్బు ఉత్త మబ్బో మీకు చిన్ననాటినుండియు తెలియును. కావున మీకు తెలిసినదానినే మరల చెప్పి మీ కాలమును వృథాచేయను.

మీ ఊరిమీది ఆకాశము మీకు తెలిసినదే. అయితే మీ ఊరికి వచ్చు నీరంతయు మీ ఊరి ఆకాశమునుండి రాదు. ఎగువనున్న కొండమీద, ఒక్కొక్కప్పుడు పొరుగు రాష్ట్రములో, మీకు కనబడని చోట కురిసిన వాన మీ గెడ్డలోనికి వచ్చును. ఆ వానకును, మీ ఊరి వరదకును నడుమ కొంత వ్యవధి యుండును. చిన్న గెడ్డ యైనచో ఒకటి రెండు గంటలు. పెద్ద నది యైనచో అంతకంటె ఎక్కువ. ఆ వ్యవధిని వినియోగించుకొన్న ఊరు మనుష్యులను, పశువులను, ధాన్యమును దక్కించుకొనును. వినియోగించుకొనని ఊరు నష్టపోవును. ఆ కొన్ని గంటలు పంచాయతీ చేతిలో నున్నవని చెప్పుటకే నేడు మీ ముందు నిలిచినాను.

మన నేల తీరు

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడినది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినవి. పరిపాలన సౌకర్యము కొరకు మనము గీచుకొన్న సరిహద్దులు ఈ విధముగా మారుచు వచ్చినవి. కొండలు, గెడ్డలు గీచిన సరిహద్దులు మాత్రము మారలేదు. నీరు ఏ జిల్లా హద్దును, ఏ పంచాయతీ హద్దును ఎరుగదు.

మనకు పడమరను, ఉత్తరమునను తూర్పుకనుమలు; తూర్పున బంగాళాఖాతము; నడుమ పల్లపు భూములును, మెట్టలును, గరువులును. మందస ప్రాంతమున నిలిచి వాయవ్యదిశగా చూచిన మహేంద్రగిరి కనబడును. ఒడిశాలోని గజపతి జిల్లాలోనున్న ఆ శిఖరము ఎత్తు 1,501 మీటర్లు. అక్కడనుండి సముద్రము 30 కిలోమీటర్ల లోపుననే యున్నది. ఇంత ఎత్తైన కొండయు, సముద్రమును ఇంత దగ్గరగా నుండుట మన ప్రాంతపు విశేషము. సముద్రముమీదినుండి వచ్చు తడిగాలి కొద్ది దూరములోనే కొండను ఎక్కవలసివచ్చును. ఎక్కినకొలది గాలి చల్లబడును. సుమారు వేయి మీటర్ల ఎత్తునకు 6 డిగ్రీల వేడిమి తగ్గును. చల్లబడిన గాలి తనలోని తేమను మోయజాలక వానగా విడుచును. అందుచేత మైదానమున చినుకు పడని దినమున గూడ కొండమీద జోరువాన కురియవచ్చును.

ఆ నీరంతయు దిగివచ్చు దారులు మన నదులు. వంశధార ఒడిశా కొండలలో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నమువద్ద సముద్రములో కలియును. దాని పరీవాహక ప్రదేశములో అధికభాగము ఒడిశాలోనే యున్నది. నాగావళియు అట్లే కాలాహండి కొండలలో పుట్టి, తోటపల్లిమీదుగా శ్రీకాకుళమును ఒరసికొని పోవును. సువర్ణముఖి, వేగవతి, చంపావతి, గోస్తని, మహేంద్రతనయ, బాహుద నదులన్నియు కొండలనుండి దిగివచ్చునవే. ఇవి దక్షిణాది మహానదులవలె దీర్ఘమైనవి కావు. కొండదిగి సముద్రము చేరువరకు వాటికి దారి తక్కువ, వాలు ఎక్కువ. కావున వరద వేగముగా వచ్చును, వేగముగా పోవును. హెచ్చరికకు దొరకు సమయము కూడ తక్కువ.

వేసవి: ఎండ, గాలిదుమారము, పిడుగు

మైదానమున ఏడాదికి సగటున సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో నూటికి అరువది వంతులకు పైగా నైరుతి ఋతుపవనకాలమున, అనగా జూన్ నుండి సెప్టెంబరు వరకు కురియును. మిగిలినదానిలో పెద్దభాగము అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చును. ఈ లెక్క కాగితముమీద సమముగా కనబడును. రైతునకు కావలసినది మొత్తము కాదు. అది ఏ కార్తెలో ఎంత పడినదన్నదే ముఖ్యము.

ఈ సందర్భమున కార్తెలను గూర్చి ఒక మాట. చాంద్రమాన మాసములు ఏటేట ముందు వెనుకలగును. కార్తెలట్లు కావు. సూర్యుడు ఏ నక్షత్రమున నున్నాడో దానినిబట్టి కార్తె వచ్చును గనుక ప్రతి సంవత్సరము ఇంచుమించు అదే తేదీకి వచ్చును. మృగశిర జూన్ 8 ప్రాంతమున, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమున, చిత్త అక్టోబరు 10, 11 తేదీల ప్రాంతమున ప్రవేశించును. ఋతువులను నడుపువాడు సూర్యుడే గనుక మన పెద్దలు సేద్యమునకు తిథిని గాక కార్తెను ఆధారముగా గొన్నారు. అది తెలివైన పని. అయితే కార్తె చెప్పునది సగటు సంగతి మాత్రమే. ఈ ఏడు, ఈ వారము, ఈ దినము ఏమి జరుగునో చెప్పవలసినది వాతావరణశాఖ. ఈ రెంటికిని వైరము లేదు. ఒకటి పంచాంగము వంటిది, మరియొకటి వార్త వంటిది. రెండును కావలెను.

మార్చి మొదలు మృగశిర వరకు మనకు వేసవి. సముద్రతీర గ్రామములలో మధ్యాహ్నమునకు సముద్రపుగాలి వచ్చి ఎండ తీవ్రతను తగ్గించును. ఉక్క మాత్రము విడువదు. లోపలి ప్రాంతములైన పార్వతీపురం, సాలూరు, పాలకొండల వైపు ఆ గాలి చేరుట ఆలస్యమగును. పడమటి పొడిగాలి వీచినపుడు అక్కడ వేడిమి 40 డిగ్రీలు దాటును. ఉపాధి పనులు ఉదయమే ముగియునట్లు చూచుట, పనిచోట నీడయు నీరును ఉంచుట, చలివేంద్రములను మార్చిలోనే తెరచుట పంచాయతీ చేయదగిన పనులు.

వేసవి సాయంకాలములలో వచ్చు గాలిదుమారములను గూర్చి విశేషముగా చెప్పవలెను. ఛోటానాగపూరు, ఒడిశా, తూర్పుకనుమల మీద మధ్యాహ్నపు వేడిమికి మేఘములు నిలువుగా పెరిగి, సాయంకాలమునకు తీరమువైపు దిగివచ్చును. మామిడి, జీడిమామిడి రాలిపోవును. ఒక్కొక్కప్పుడు వడగండ్లు పడును. కాయ నష్టము మరుసటి ఏట తీరవచ్చును. పిడుగువలన పోయిన ప్రాణము తీరునది కాదు. పిడుగుపాటుకు గురియగువారిలో పెక్కుమంది పొలమునను, గొఱ్ఱెల మందలవద్దను, చెట్టుక్రిందను ఉన్నవారే.

మెరుపు కనబడినది మొదలు లెక్కపెట్టుడు. ధ్వని ఒక కిలోమీటరు నడచుటకు సుమారు 3 సెకండ్లు పట్టును. 30 లెక్కించులోపుననే ఉరుము వినబడినచో పిడుగు 10 కిలోమీటర్ల లోపున నున్నదని అర్థము; వెంటనే పక్కా ఇంటిలోనికి పోవలెను. కడపటి ఉరుము తరువాత అరగంట వరకు బయటికి రారాదు. తాటిచెట్టు, కొబ్బరిచెట్టు, ఒంటరి మఱ్ఱి పిడుగునకు తగిన గురులు. ఇల్లు దొరకనిచో పల్లపు నేలపై పాదములు దగ్గరగా చేర్చి గొంతుకూర్చుండవలెను, పండుకొనరాదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన ‘దామిని’ అను యాప్ చేతిఫోనులో చుట్టుప్రక్కల పిడుగు సూచనను చూపును. ప్రతి వార్డులో ఒకరైనను దానిని ఉంచుకొని, సూచన వచ్చినపుడు మైకులో చెప్పించుట కష్టమైన పని కాదు.

నైరుతి: ఎగువ వాన, దిగువ వరద

మృగశిరలో తొలకరి పడును. గరువులమీద చోడి, నువ్వు, గోగు. పల్లములో వరి నారుమళ్లు. ఉభాలు ముగియువరకు రైతు కన్ను ఆకాశముమీదనే యుండును. మనకు నైరుతి వానలు రెండు విధములుగా వచ్చును. మొదటిది సాయంకాలపు ఉరుముల వాన. ఇది ఒక ఊరిలో పడి ప్రక్క ఊరిలో పడకపోవచ్చును. రెండవది ఉత్తర బంగాళాఖాతములో పుట్టిన అల్పపీడనమువలన వచ్చు ముసురు. ఇది ఒడిశా తీరమున దాటి పడమరకు సాగునపుడు, ఎగువ కొండలలో రెండు మూడు దినములు విడువక కురియును.

ఈ రెండవ విధమైన వానయందే మన ప్రమాదమున్నది. రాయగడ, గజపతి ప్రాంతములలో రాత్రియంతయు వాన కురియుచుండగా, మన ఊరిలో చిరుజల్లుమాత్రమే యుండవచ్చును. పొలమునకు పోయినవాడు తెల్లవారి గెడ్డ పొంగుటను చూచి ఆశ్చర్యపడును. వంశధారకు గొట్టా బ్యారేజీవద్ద, నాగావళికి తోటపల్లివద్ద నీటిమట్టమును కొలుచుచుందురు; ప్రమాద హెచ్చరికలు జారీయగును. పెద్ద నదుల యొడ్డునున్న గ్రామములకు ఈ రక్ష కొంత కలదు. పేరులేని గెడ్డలమీద కొలమాపకము లేదు, కావలివాడు లేడు. ఆ లోటును పంచాయతీయే తీర్చవలెను.

గెడ్డలపై నుండు పల్లపు కాజువేలవద్ద ప్రాణనష్టము మిక్కుటము. వేగముగా పారు నీరు మోకాలిలోతు ఉన్నను పెద్దమనిషిని పడద్రోయగలదు. మరికొంత లోతైనచో వాహనమునే త్రోసికొనిపోవును. ప్రతి కాజువే ప్రక్కను ఒక స్తంభము నాటి, ఎఱ్ఱరంగుతో గీత వేయుడు. నీరు ఆ గీతను తాకినపుడు ఇరువైపుల త్రాడుకట్టి దారి మూయవలెను. త్రాడు కట్టు బాధ్యత ఎవరిదో పేరుతో నిర్ణయింపుడు. అందరి బాధ్యత యనినచో వాననాడు ఎవరును రారు.

కొండమీది పల్లెలకు మరియొక కష్టము కలదు. వానకాలమున దారి తెగినచో నిండుచూలాలిని డోలీలో మోసికొని దిగవలసివచ్చును. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు ప్రాంతములవారికి ఈ బాధ క్రొత్త కాదు. జూలై నుండి అక్టోబరులోపున ప్రసవము కావలసిన స్త్రీల పేర్లు ఆశా కార్యకర్తవద్ద నుండును. ఆ జాబితాను మే మాసములోనే పంచాయతీ చూచి, ప్రసవదినమునకు కొన్నిదినములు ముందుగా వారిని ఆసుపత్రికి దగ్గరగా చేర్చు ఏర్పాటు చేయవలెను. అట్లే తొలకరికి ముందు బావులలో క్లోరిన్ వేయించుట, దోమ పెరుగు గుంతలను పూడ్పించుట మరువరాదు.

చిత్తకార్తెలో తుపాను

సెప్టెంబరు చివరనుండి నవంబరు వరకు మనకు తుపానుల కాలము. గత కొన్ని సంవత్సరములలో మనలను తాకినవానిని లెక్కింతము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ సమీపమున తీరము దాటి మన ఉద్దానమును గూడ తాకినది. అదే నెల చివరివారమున భారీవర్షములు మరల ముంచినవి. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమువద్ద తీరము దాటి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతములను గూడ అల్లకల్లోలము చేసినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాసవద్ద దాటినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నమునకు ఉత్తరమున దాటినది.

ఈ నాలుగింటిలో మూడు, అక్టోబరు 11, 12 తేదీలలోనే వచ్చినవని గమనింపుడు. అది చిత్తకార్తె ప్రవేశకాలము. ఆ సమయమున సముద్రమింకను వేడిగానే యుండును, నైరుతి వెనుదిరుగుచుండును. మన వరి అప్పుడు ఈని, పాలుపోసికొనుచుండును. గాలికి పైరు పడిపోవుటయు, నీట నానుటయు ఆ దశలో జరిగిన గింజ తాలు పోవును. ఏడాది కష్టము నోటికి వచ్చు వేళకే తుపాను కూడ వచ్చుచున్నదన్నమాట. కావున సెప్టెంబరు మాసపు పంచాయతీ సమావేశము తుపాను సిద్ధతకే కేటాయింపదగినది.

తిత్లీ మనకు మూడు పాఠములు నేర్పినది. మొదటిది వేగము. అది అక్టోబరు 8న వాయుగుండముగా ఏర్పడి, 10వ తేదీకే అతితీవ్ర తుపానుగా మారినది. 11వ తేదీ తెల్లవారకముందే గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో తీరము దాటినది. సన్నాహమునకు దొరకినది మూడు దినముల లోపు. రెండవది చీకటి. స్తంభములు కూలి ఎన్నో గ్రామములకు దినముల తరబడి విద్యుత్తు లేకపోయినది. విద్యుత్తు లేక నీటిపథకము నడువదు. ఫోను కూడ మూగబోవును. ఉద్దానములో కూలిన కొబ్బరిచెట్లు లక్షలలో నున్నవి. నాటిన కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గనుక ఆ నష్టము ఒక పంటతో తీరునది కాదు.

మూడవ పాఠము కొండలకు సంబంధించినది. తుపాను అనగా తీరగ్రామముల కష్టమని కొండవారు తలచుట కలదు. తిత్లీ తీరము దాటి లోపలికి చొచ్చి గజపతి జిల్లా కొండలలో కుండపోతగా వర్షించినది. అక్కడ బారాఘరా గ్రామమువద్ద, వానకు తాళలేక కొండగుహవంటి చోట తలదాచుకొన్న జనముపై కొండచరియ విరిగిపడి పలువురు మరణించిరి. ఆ వాననీరే మహేంద్రతనయగా, వంశధారగా, బాహుదగా పొంగి, అప్పటికే గాలికి దెబ్బతిన్న మన మైదాన గ్రామములను ముంచినది. గాలి తగ్గినంత మాత్రమున తుపాను పోయినదని తలచరాదు. గాలి పోయిన మరునాడు వరదకు సిద్ధముగా నుండవలెను.

కొండచరియ విరుగుటకు ముందు కొన్ని గురుతులు కనబడును. వాలులో క్రొత్త నెఱ్ఱెలు విచ్చును; చెట్లు ఒకవైపు ఒరగును; ఊటనీరు హఠాత్తుగా బురదయగును. వాన కురియుచుండగానే గెడ్డలో నీరు చటుక్కున తగ్గినచో అది మిక్కిలి ప్రమాదసూచన. ఎగువ మట్టి జారి గెడ్డ మూసికొనిపోయి యుండవచ్చును. ఆ అడ్డు తెగినచో ఒక్కుమ్మడిగా వచ్చి పడును. అట్టి వేళ సామానునకై వెనుదిరుగక గెడ్డకు దూరముగా ప్రక్కనున్న గట్టినేలకు పోవలెను.

తుపాను ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు గులాబ్ కథ చాలును. కళింగపట్నముదగ్గర దాటిన ఆ తుపాను బలహీనపడి, దేశమునంతయు అడ్డముగా దాటి, అరేబియా సముద్రములో మరల బలము పుంజుకొని షాహీన్ అను పేరుతో 2021 అక్టోబరు 3న ఒమాన్ దేశమును తాకినది. మన ఆకాశము ఎంత పెద్దదో దీనివలన తెలియుచున్నది.

శీతకాలము: మంచు, పొడి

నవంబరు తరువాత వానలు తగ్గును. నెల్లూరు సీమకువలె ఈశాన్యపవనములు మనకు నిలకడగా వాననీయవు. వాయుగుండము వచ్చిననే వాన, రానిచో లేదు. డిసెంబరు, జనవరి మాసములలో రాత్రివేళ చల్లగాలి బరువై కొండలనుండి లోయలలోనికి జారి నిలుచును. అందుచే కొండనడిమి పల్లపు గ్రామములలో చలియు, దట్టమైన మంచును అధికము. ఉదయము 8 గంటల వరకు ఘాటురోడ్లు కనబడవు.

మంచును కేవలము కీడుగా చూడరాదు. వరి కోయుటకు ముందే పొలములో చల్లిన పెసర, మినుము నేలలోని మిగులుతేమతోను, ఈ మంచుతోను పండును. మన ప్రాంతపు పేద రైతునకు అది రెండవ పంట. మబ్బు, మంచు దినముల తరబడి విడువనిచో మాత్రము మామిడిపూతపై తేనెమంచు పురుగు, జీడిమామిడి చిగురుపై తేయాకు దోమ వృద్ధియగును. అట్టి వారములలో తోటలను తరచు చూచుకొనవలెను. కళ్లములలో కుప్పలున్న దినములలో అకాలవర్షము వచ్చుట కూడ కలదు. గ్రామమునకు నాలుగు టార్పాలిన్లు ఉమ్మడిగా ఉంచుకొన్నచో ఎందరికో మేలు.

వానను కొలుచుట

ఇక పంచాయతీ చేయదగిన పనికి వత్తము. ‘నిన్న పెద్దవాన పడినది’ అను మాటకు విలువ తక్కువ. ‘నిన్న 72 మిల్లీమీటర్లు పడినది’ అను మాటకు విలువ ఎక్కువ. వాతావరణశాఖ లెక్కలో ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీవర్షము; 115.6 మొదలు అతిభారీవర్షము, 204.5 మొదలు అత్యంత భారీవర్షము.

వానమాపకము కొనుటకు పెద్ద ధనమక్కరలేదు. అది లేనిచోట అడుగునుండి మూతివరకు ఒకే వెడల్పుగల, నిటారుగానున్న పాత్రను వాడవచ్చును. దానిని ఇంటికి, చెట్టుకు వాటి ఎత్తునకు రెట్టింపు దూరమున, ఆరుబయట స్థిరముగా నిలుపుడు. ప్రతి ఉదయము 8.30 గంటలకు లోతును స్కేలుతో కొలిచి పుస్తకములో వ్రాసి పారబోయవలెను. దేశమంతట వాతావరణశాఖ వాన లెక్క చూచు వేళ అదియే. వాన పడనినాడు సున్న వ్రాయవలెను. ఈ పని బడిపిల్లలకు అప్పగించినచో వారికి చదువు, ఊరికి లెక్క రెండును లభించును.

ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక చదరపు మీటరుమీద ఒక లీటరు నీరు. ఒక ఎకరముమీద నాలుగువేల లీటర్లు. ఒక గెడ్డకు నీరిచ్చు కొండభాగము 10 చదరపు కిలోమీటర్లు అనుకొందము. దానిమీద 100 మిల్లీమీటర్లు కురిసినచో అది 100 కోట్ల లీటర్లు. సగము నేలలో ఇంకినను 50 కోట్ల లీటర్లు ఆ గెడ్డలో దిగవలెను. మీ కాజువే, మీ చెరువుకట్ట, మీ కలుజు ఆ నీటిని మోయగలవా యని అడుగుటకు ఈ లెక్క మీకు ఆధారమగును. నాలుగైదేండ్ల పుస్తకము చేతిలోనున్నచో, ఇంజనీరుతో మాటలాడునపుడును, నష్టపరిహారమునకు అర్జీ పెట్టుకొనునపుడును మీ మాటకు బలముండును.

ఎగువ దిగువల కట్టుబాటు

ఇప్పుడు మొదట చెప్పిన కొన్ని గంటల సంగతికి వత్తము. ఒక గెడ్డను పట్టుకొని ఎగువనుండి దిగువకు ఎన్ని పల్లెలున్నవో వ్రాయుడు. ప్రతి పల్లెలో ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు నిర్ణయింపుడు. ఎగువ పల్లెలో వాన రాత్రివేళ భారీయైనను, గెడ్డ గీతను తాకినను ఆ పల్లెవాడు వెంటనే దిగువవానికి చెప్పవలెను. అతడు మరియొక దిగువవానికి. ఫోను పనిచేయని చోట డప్పు, గంట, మైకు ఉన్నవి. పైవాడు సవరయైనను, జాతాపు అయినను, క్రిందివాడు మైదానపు రైతైనను, ఒకే గెడ్డనీరు త్రాగువారు ఒకే కుటుంబము వంటివారు. దీనికి ప్రభుత్వ ఉత్తరువు కొరకు వేచియుండనక్కరలేదు. ఒక సమావేశము చాలును. వ్యయము లేదు.

అందరికిని అధికారిక హెచ్చరికలు కూడ అందుచున్నవి. భారత వాతావరణశాఖ 1875 నుండి పనిచేయుచున్నది. విశాఖపట్టణమున తుపాను హెచ్చరిక కేంద్రము కలదు. హెచ్చరికలను నాలుగు రంగులలో తెలుపుదురు. ఆకుపచ్చ యైనచో భయము లేదు. పసుపు యైనచో గమనించుచుండవలెను. నారింజ యైనచో సిద్ధపడవలెను. ఎరుపు యైనచో తక్షణము కదలవలెను. ఈ నాలుగు రంగుల అర్థమును పంచాయతీ గోడమీద వ్రాయింపుడు. ఆపద వేళ 112 నంబరును గూడ అక్కడనే వ్రాయింపుడు.

జిల్లా హెచ్చరిక ‘భారీవర్షము కలదు’ అని చెప్పగలదు. మీ ఊరి గెడ్డవద్ద ఒంటరిగానున్న ముసలమ్మను ఎవరు తీసికొని రావలెనో అది చెప్పజాలదు. ఆ జాబితా మీవద్దనే యుండవలెను: వృద్ధులు, వికలాంగులు, నిండుచూలాండ్రు, పూరిపాకలలోనివారు, గెడ్డయొడ్డున నున్నవారు. వారిని ఏ బడికి చేర్చవలెను, ఎవరు చేర్చవలెను, అక్కడ బియ్యము, నీరు, దీపము ఎవరు చూడవలెను, కూలిన చెట్లను కోయు రంపము ఎవరింట నున్నది అనునవి సెప్టెంబరులోనే నిర్ణయము కావలెను. పశువులను కట్టుత్రాళ్లనుండి విప్పువారిని గూడ నియమింపుడు; కట్టియుండుటవలననే మునిగిపోవు పశువులు ఎన్నో.

కొండవాలు, చెరువుకట్ట

హెచ్చరిక ప్రాణమును కాపాడును. వరద తీవ్రతను తగ్గించునది కొండవాలు. చెట్లు, పొదలు, ఆకుపెంటయున్న వాలు వాననీటిని పీల్చి మెల్లమెల్లగా విడుచును. వేసవిలో గూడ ఊట నిలుచును. నున్నగా కొట్టివేసిన వాలు నీటినంతయు ఒకేసారి, మట్టితో సహా క్రిందికి త్రోసివేయును. ఆ మట్టి దిగువ చెరువులో మేటవేయును. ఎగువవాని పొలము సారము పోవును. దిగువవాని చెరువు లోతు పోవును. నష్టము ఇరువురిది.

పోడు చేయు గిరిజనులను నిందించుట నా ఉద్దేశము కాదు. వారికి బ్రతుకుతెరువు చూపక పోడు మానుమనుట న్యాయము కాదు. జీడిమామిడి, పనస, చింత, అనాస, పసుపు వంటివి వాలునకు నీడనిచ్చుచు కుటుంబమునకు రాబడినిచ్చును. సీతంపేట ప్రాంతమున అనాస, పసుపు, కొండచీపుళ్లు ఇదివరకే పేరుపొందినవి. వాలునకు అడ్డముగా రాతికట్టలు, కందకములు వేసినచో నీరు నడక తగ్గించి నేలలో ఇంకును.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ చిన్ననీటిపారుదల, నీటి యాజమాన్యము, వాటర్‌షెడ్ అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు ఉండవలెనని 1996 నాటి పీసా చట్టము చెప్పుచున్నది. కావున చెరువుకట్టను చూచుకొనుట ఎవరో దయతో చేయు పని కాదు. అది మీ హక్కు, మీ విధి. మే మాసములో సభ్యులందరును కట్టమీద ఒకసారి నడువుడు. ఎలుకబొరియలు, కట్టకు వేరుతన్నిన చెట్లు, చెడిన మదుములు, ఆక్రమింపబడిన కలుజులు కంటికి కనబడును. వానలో తెగిన కట్టను బాగుచేయుటకంటె వేసవిలో బొరియ పూడ్చుట సులభము.

దేశము సగటు వేడిమి 1901 నుండి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీ పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రకటించిన నివేదిక చెప్పుచున్నది. వేడిగాలి ఎక్కువ తేమను మోయగలదు. అందుచే కొన్నిదినములు ఎండి, ఒక్కదినమున కుమ్మరించు వానలకు మనము అలవాటుపడవలసియున్నది. పెద్దల అనుభవముతో పాటు కొలతయు, వార్తయు అవసరమగుటకు ఇదియు ఒక కారణము.

సభ్యులారా,  మీరు ఊరికి మరలినపుడు మూడు తీర్మానములను మీ సమావేశమున పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఒకటి: వానమాపకమును నిలిపి పుస్తకము తెరచుట. రెండు: మీ గెడ్డ పైపల్లెవారిని, క్రిందిపల్లెవారిని ఒకచోట కూర్చుండబెట్టి ఫోను వరుసను నిర్ణయించుట. మూడు: ఆపదవేళ ముందుగా చేర్చవలసినవారి జాబితా వ్రాసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బాధ్యుని పేరు ఎదుట వ్రాయుట. ఈ మూడింటికిని ఒక పుస్తకము, ఒక కలము, ఒక సాయంకాలము చాలును. రాబోవు చిత్తకార్తెకు ముందే ఇవి మీ పంచాయతీ కార్యాలయమున సిద్ధముగా నుండుగాక యని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.